తెర దాటి వచ్చిన బుడ్డోడు

మా అన్న నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా కాస్త గట్టిగా "ఏమప్పా" అంటే చాలు, తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీకేవాడు. అలాంటివాడు తెర వెనక బుడ్డోడి బొమ్మ పట్టుకుంటే ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వేది. అక్కడ ఆడిస్తున్నది మా అన్నేనా అని పక్కనే కూర్చున్న నాకే అనుమానం వచ్చేది.

మాది తోలుబొమ్మలాట ఆడే ఇల్లు. ధర్మవరం చుట్టుపక్కల మేం ఆడని ఊరు లేదు. నాయన కథ నడిపేవాడు. అమ్మా నేనూ ఆడబొమ్మలకు గొంతిచ్చేవాళ్లం. వదిన తాళం వేసేది. కథ మధ్యలో జనాన్ని నవ్వించడానికి బుడ్డోడు దూకేవాడు. మూరెడు బొమ్మ, బానపొట్ట, ఇంత ముక్కు, కీచుగొంతు. రెడ్డిగారి పిసినారితనం, కరణంగారి బట్టతల, దేన్నీ వదిలేవాడు కాదు. అయినా ఎవరికీ కోపం వచ్చేది కాదు. తెర వెనక పలికిన మాట బొమ్మది, మనిషిది కాదు. తెల్లారాక దాని గురించి ఎవరూ నిలదీయకూడదు. అది మా కట్టుబాటు, ఊళ్లవాళ్లకూ తెలిసిందే.

యాభైల మొదట్లో, ఊరూరా గంజి పోసిన కరువులో, ఆ గొంతు తెర దాటి బయటికొచ్చింది. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఇష్టం.

మొదటిసారి కొత్తచెరువు సంతలో. ఉప్పు అమ్మే ఆమె "ఏమప్పా, ఈ యేడు ఆటలు తగిలినాయా?" అని అన్నను అడిగింది. తల దించుకుంటాడనుకున్నాను. దించలేదు. కీచుగొంతుతో "ఆటలు యాడివక్కా, కడుపులో ఎలకలు ఆడతాండాయి, సూస్తావా?" అన్నాడు. సంత ఘొల్లుమంది. ఆమె నవ్వీ నవ్వీ ఇంకో గుప్పెడు ఉప్పు ఎక్కువేసింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వం? పట్టపగలు, చేతిలో బొమ్మ లేకుండా, బుడ్డోడు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే!

ఇంటికొచ్చాక సంగటి కూడా ఆ గొంతుతోనే అడిగాడు. వదిన చేయి అలాగే ఆగిపోయింది.

"ఇంక సాల్లే. ఇంట్లో కూడానా?" అంది.

అన్న ఏదో చెప్పబోయి గొంతు తడుముకున్నాడు. కాసేపటికి గానీ సొంత గొంతు రాలేదు. "నేను కాదు" అన్నాడు మెల్లగా. వదిన అప్పుడు చూలాలు. ఆ మాట విని ఆమె కడుపు మీద చెయ్యేసుకుంది.

అప్పట్నుంచి ఆ గొంతు చెప్పాపెట్టకుండా వచ్చేది. పోవడానికి మాత్రం చాలా పొద్దు పట్టేది. పైగా అది నవ్వించడం మానేసింది. బావి దగ్గర ఒక ముసలమ్మ కడవ ముంచుతుంటే, "తోడుకోవ్వా, బాగా తోడుకో. మళ్లా ఈ బాయితో నీకు పనుండదు" అన్నాడు. నెల తిరక్కుండా బావి అడుగు కనపడింది. కరువులో బావి ఎండితే వింతేముంది? చుట్టూ అన్ని బావులూ ఎండాయి. ఆ మాట నేను అందరితో అన్నాను, నాతో నేనూ అనుకున్నాను. ముసలమ్మ మాత్రం మా గుడిసె ముందు నడవడం మానేసి ఊరు చుట్టి పోయేది.

ఆ యేడు ఒక పెద్ద ఊరివాళ్లు వాన కోసం ఆట పెట్టించారు. కరువొస్తే బొమ్మలాడించడం మా సీమ ఆచారం. ఆట ముగిసే ముందు ఊరిపెద్ద తెర ముందుకొచ్చి, "ఏమిరా బుడ్డోడా, మబ్బు యాడుండాది?" అని అడగాలి. "బయలెల్లినాది సామీ, మీ పొలిమేరలో కాళ్లు కడుక్కుంటాండాది" అని బుడ్డోడు చెప్పాలి. మా తాతల నాటి నుంచీ అదే మాట. అది విని జనం కేకలేసి, కొంగులు తడుముకుని మాకు జొన్నలు పోస్తారు.

ఊరిపెద్ద అడిగాడు.  బుడ్డోడి గొంతు, తొందరేమీ లేనట్టు, అంది.

"మబ్బు మీ ఊరి దారి మర్సిపోయినాది సామీ. మీరు గూడా దాన్ని మర్సిపోండి."

ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపందుకుంది. నేను అన్న వైపు తిరిగాను. బుడ్డోడి బొమ్మ చాప మీద పడి ఉంది. అన్న రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో ఉన్నాయి. 

ఊరిపెద్ద ఎన్నడూ ఎవరూ చెయ్యని పని చేశాడు. తెర ఎత్తి లోపలికి చూశాడు.

"బొమ్మ కింద పడుండాది. మాట్లాడిందెవరు?" అన్నాడు.

 బొమ్మ చేతిలో లేదు కాబట్టి మాట మనిషిదైపోయింది. "పెట్టె ఎత్తుకొని పొండి. మళ్లా మా పొలిమేర తొక్కద్దండి" అన్నాడు. అప్పటికే తూరుపు తెల్లబడుతోంది. ఆ కబురు మాకంటే ముందే ఊళ్లు తిరిగింది. ఆ తర్వాత మమ్మల్ని ఆటకు పిలిచినవాళ్లు లేరు.

నాయన బుడ్డోడి బొమ్మను సాగనంపేస్తానన్నాడు. సాగనంపడానికి మాకొక పద్ధతుంది. ముందు కొత్త బొమ్మ చెయ్యాలి. కన్ను మాత్రం చివర్న గీసి తెరవాలి. దానిచేత మొదటి మాట పలికించి, అప్పుడు పాతదాన్ని పారే నీళ్లలో వదలాలి. కొత్త బొమ్మకు తోలేది? బక్కచిక్కిన మేకల తోలు గీకబోతే చినిగిపోయేది. పారే నీళ్లేవి? చిత్రావతి నిండా ఇసుకే.

అమ్మ కాళ్లావేళ్లా పడింది. "తోలు దొరికేదాకా తాళు. కూసునేదానికి ఇంగో సోటు సూపియ్యకుండా లేపితే వాడు యాడికి పోతాడు?"

"నా కొడుకు నోరు నాకు గావాల" అన్నాడు నాయన. వినలేదు, మూర్ఖుడు!

ఏటి ఇసుకలో జనం నీళ్ల కోసం తవ్వుకున్న చెలమలో బొమ్మను వేశాడు. అది మునగలేదు. మొహం పైకి పెట్టి తేలుతూ మమ్మల్నే చూసింది. నాయన ఇసుక తోసి తోసి కప్పేశాడు. వెనకనుంచి కీచుగొంతు వినిపించింది. "నన్ను పూడ్సి పెట్టి యాడికి పోతాండావు నాయనా? నేను ఈడనే ఉండానే!" అన్న కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. ఆ రోజుతో అన్న సొంత గొంతు పోయింది.

వదినకు ఆడపిల్ల పుట్టింది. మేం బొమ్మల పెట్టె మూసి తాడిపత్రి దగ్గర బండలు కొట్టే పనికి పోయాం. అన్న బయట నోరు తెరిచేవాడు కాదు, ఇంట్లో పిల్లతో మాత్రం మాట్లాడేవాడు. ఆ కీచుగొంతు వింటే చాలు, పిల్ల కాళ్లూ చేతులూ ఆడిస్తూ కిలకిలమనేది. వదిన అది చూడలేక బయటికి వచ్చేసేది. ఒకరోజు బండల దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నీకు అందరి గొంతులూ వస్తాయి కదా. మీ అన్న నన్ను పిలిసే గొంతు ఒగసారి సెయ్యవా? నాకు మరుపొస్తాండాది."

ప్రయత్నించాను. రాలేదు. ఇద్దరం బండ మీద కూర్చుని ఏడ్చాం.

వానలు పడి, మేకలకు కాస్త కండ పట్టేసరికి పిల్లకు మాటలు వచ్చేశాయి. నాయన మంచి తోలు తెచ్చాడు. గీకాడు, ఆరబెట్టాడు, ఉలితో కొట్టాడు, రంగులేశాడు. ఒక పొద్దున అన్నను ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ కన్ను తెరిచి, చేతికిచ్చాడు. "పలుకు" అన్నాడు.

బొమ్మ తల ఊగింది. "అబ్బ, ఎంతసేపు నిలబెట్టినార్రా నన్ను!" అంది.

అన్న బొమ్మను చాప మీద పెట్టాడు. పెదాలు తడుపుకున్నాడు.

"అమ్మా, దప్పికైతాండాది."

అది మా అన్న గొంతు! తుప్పు పట్టినట్టుంది గానీ, అదే.  వదిన సిగ్గు లేకుండా అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అన్న చేతులు చాపి పిల్లను పిలిచాడు. "దా తల్లీ."

పిల్ల వదిన చీర వెనక్కి పోయింది. "ఎవరు మా, ఈయప్ప?" అంది.

"మీ నాయనే, పో" అంది వదిన, ఏడుస్తూనే నవ్వుతూ.

అన్న మళ్లీ పిలిచాడు. పిల్ల కెవ్వుమంది. ఎవరూ పట్టుకునేలోపు చాప మీదికి ఉరికి, తడి ఆరని ఆ బొమ్మను రెండు చేతులా గుండెకు కరుచుకుంది. "నాయనా! నాయనా!" అని ఊపిరి ఆడకుండా ఏడ్చింది. రంగంతా ఒంటికి అంటుకుంది.

అన్న పిల్లను చూశాడు, తర్వాత వదినను చూశాడు. వదిన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె మొహం నేను చచ్చేదాకా మరవలేను. అన్న తల దించుకుని, కాలి బొటనవేలితో నేల గీకాడు.

"ఈడుండాను సూడు తల్లీ" అన్నాడు కీచుగొంతుతో.

పిల్ల బొమ్మను పడేసి అన్న ఒళ్లో వాలిపోయింది. వదిన కళ్లు తుడుచుకుని, దప్పిక అన్నాడు కదా అని నీళ్లు తేవడానికి లేచింది. తెచ్చిచ్చాక కూడా అన్న సొంత గొంతు తిరిగి రాలేదు. తర్వాతా రాలేదు.