కేపియో బతికే ఉన్నాడు

చలపతికి ఎవరైనా పరిచయమైతే ముందు ఇంటిపేరు అడుగుతాడు. తరవాత మేనమామల ఇంటిపేరు. మనిషి పేరు చివర అడుగుతాడు, ఒక్కోసారి మరిచిపోతాడు.

భార్య కనకదుర్గ నర్సు. ఆమె ఉద్యోగం వెంట 1999లో ప్రొద్దుటూరు నుంచి లండన్ పక్కనున్న హేస్ వచ్చాడు. హీత్రో కార్గో షెడ్డులో పని దొరికింది. పెట్టెల మీది చీటీలు చూసి ఏది ఏ విమానానికి పోవాలో వేరుచేస్తాడు. ఆ పని ఆయనకు కష్టమనిపించలేదు. వాళ్ళ నాయన నలభై ఏళ్ళు సంబంధాలు కుదిర్చిన మనిషి. ఏడు తరాల వరసలు కాగితం లేకుండా చెప్పేవాడు. చలపతి ఐదు చెప్పగలడు. హేస్‌లో, చుట్టుపక్కల ఊళ్ళలో, తెలుగువాళ్ళు పిల్లలకు సంబంధాలు కావాలంటే ఆయన ఇంటికే వస్తారు.

2006లో దగ్గరి లైబ్రరీలో శనివారం పొద్దుట రోమన్ చరిత్ర క్లాసు పెట్టారు. ఇంగ్లీషు మెరుగవుతుందని చేరాడు. పాఠం చెప్పే మిసెస్ హార్పర్ ఒక్కొక్కరికి ఒక్కో రాజకీయ నాయకుణ్ణి ఇచ్చింది. వాళ్ళ వంశవృక్షం గీసి, ఆఖరి శనివారం పది నిమిషాలు మాట్లాడాలి. చలపతికి కేటో వచ్చాడు. సీజర్‌కు లొంగని కేటో.

యుద్ధాల పేజీలు వదిలేసి చలపతి పెళ్ళిళ్ళ పేజీలు చదివాడు.

కేటో ముత్తాత పేరు కూడా కేటోనే. ఆ పెద్దాయన భార్య పోయాక ముసలితనంలో తన దగ్గర పనిచేసిన గుమాస్తా కూతుర్ని చేసుకున్నాడు. ఈ కేటో ఆమె వంశం. అది ఒకటి. తల్లి లివియా. లివియా సోదరుడు డ్రూసస్, అతని స్నేహితుడు కేపియో. ఇద్దరూ ఒకరి తోబుట్టువును ఒకరు చేసుకున్నారు. క్లాసులో మిగతావాళ్ళు ఇలాంటి గీతల దగ్గర చిక్కుకుపోయారు. చలపతి చూసి నవ్వాడు. కుండమార్పిడి. ప్రొద్దుటూరు చుట్టూ ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తుంది. స్నేహితులకు చెడింది. రెండు పెళ్ళిళ్ళూ నిలవలేదు. అదీ ఆయన చూసిందే. లివియా తరవాత ఇంకొకరిని చేసుకుంది. అప్పుడు పుట్టినవాడు కేటో. లివియా, ఆ రెండో భర్తా పోతే పిల్లలందరూ మేనమామ డ్రూసస్ ఇంట్లో పెరిగారు. చాలా ఏళ్ళకు, లివియా మొదటి కాపురంలో పుట్టిన సెర్విలియా కొడుకు బ్రూటస్, కేటో కూతురు పోర్షియాను చేసుకున్నాడు.

"మేనమామ కూతురు" అన్నాడు చలపతి ఇంటికొచ్చి, కనకదుర్గతో. "రెండు వేల ఏండ్ల కింద. మన వాళ్ళే."

"మన వాళ్ళయితే పెండ్లికి పిలిచేవాళ్ళు" అంది కనకదుర్గ.

ఆఖరి శనివారానికి రెండు రోజుల ముందు, సాయంత్రం, కూతురు బిందుమాధవి ఆ వృక్షాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తోంది. పదిహేడేళ్ళ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. చలపతి పక్కన కూర్చుని తను రాసుకున్న కాగితం చూపిస్తూ పేర్లు చెబుతున్నాడు. వంటింట్లో ఆయన చెల్లెలు నాగజ్యోతి బెండకాయలు తరుగుతోంది.

"డాడ్, వై ఈజ్ ఓన్లీ కేపియో లేట్?" అంది బిందు. "దే ఆర్ ఆల్ డెడ్."

"అందరూ పోయినారులేమ్మా. ఈయన లివియా రెండో పెండ్లికి ముందే పోయినాడు. అందుకని."

బిందు పుస్తకం తిరగేసింది. "నో, హీ డిడంట్. దే గాట్ డివోర్స్‌డ్. హీ వజ్ ఫైన్."

చలపతి పుస్తకం తీసుకున్నాడు. ఆ పేజీ ఆయన రెండుసార్లు చదివాడు. విడాకులని స్పష్టంగానే ఉంది. చెయ్యి మాత్రం కాగితంలో కేపియో పేరు ముందు కీర్తిశేషులని రాసింది. ఎప్పుడు రాసిందో ఆయనకే గుర్తు లేదు.

"మొగుడు బతికుండంగా ఇంకో పెండ్లి ఎట్ల..." అని ఆగిపోయాడు.

వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది.

"ఏమన్నా" అంది నాగజ్యోతి, "ఆయప్పను గూడా చంపేసినావా?"

బిందు తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

నాగజ్యోతిని కోవెంట్రీలో ఉండే శేషగిరికి ఇచ్చారు. కాపురం నాలుగేళ్ళు. 2003లో విడాకులు తీసుకుని అన్న ఇంటికి వచ్చింది. ఫార్మసీలో పని చేస్తోంది. శేషగిరి కోవెంట్రీలోనే ఉన్నాడు, ఆరోగ్యంగా. కాని చలపతి చెల్లెలి వివరాలు రాసి సంబంధాలకు పంపిన కాగితంలో శేషగిరి పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది. విడాకులంటే తలుపు మూస్తారు, పోయాడంటే కూర్చోమంటారు. ఆయన అనుభవం అది. ఆ కాగితం చూసుకునే నార్తాంప్టన్ నుంచి విజయభాస్కర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అక్క పుష్పలీలను వెంటబెట్టుకుని ఈ ఆదివారం వస్తున్నాడు. అతని భార్య పోయి మూడేళ్ళు.

"మొన్న శేషగిరి ఫోన్ చేసినాడు" అంది నాగజ్యోతి. "నా పేర్న ఆ ఇంటికి కౌన్సిల్ కాగితమేదో వచ్చిందంట. చచ్చిపోయినోడు ఫోన్ చేస్తే నేను ఏమని మాట్లాడాల?"

"నీ మంచికే రాసినా జ్యోతీ."

"తెలుసన్నా. తెలుసు గాబట్టే రెండేండ్లు నోరు మూసుకున్యా. ఆదివారం ఆయమ్మ వచ్చి నన్ను అయ్యో పాపం అని చూస్తాది. ఆ చూపు నాకొద్దు. నేను ఆ ఇంట్లోనుంచి ఏడ్చుకుంటా రాలేదు. పెట్టె పట్టుకోని నడిచొచ్చినా."

మళ్ళీ కత్తి చప్పుడు మొదలైంది.

చలపతి నాయనకు ఒక పద్ధతి ఉండేది. పెళ్ళికొడుకు ఇంటికి వెళితే వాకిట్లోనే, అరుగు మీద కూర్చోకముందే, పిల్ల ఇంటి లోపం చెప్పేవాడు. పిల్లకు చూపు ఆనదని, తండ్రికి కోర్టు వ్యవహారం ఉందని, ఏదుంటే అది. అది విన్నాక కూడా మంచినీళ్ళిస్తేనే తాగేవాడు. ఇవ్వకపోతే దప్పికతోనే తిరిగి నడిచేవాడు. ఆయన కుదిర్చిన పెళ్ళిళ్ళలో దాచారన్న గొడవ ఒక్కటి రాలేదు. ఇన్నేళ్ళుగా ఆయన కొడుకునని చెప్పుకోవడంతోనే చలపతి మాట చెల్లుతోంది.

శుక్రవారం సెలవు పెట్టి, పెద్ద అట్ట మీద వృక్షం మొత్తం చేత్తో మళ్ళీ గీశాడు.

శనివారం టై కట్టుకున్నాడు. వెనక వరసలో బిందు, పక్కన నాగజ్యోతి. చలపతి ఇంగ్లీషు నెమ్మదిగా నడిచింది. ఎక్కడా ఆగలేదు. గుమాస్తా కూతురి దగ్గర మొదలుపెట్టి బ్రూటస్ పెళ్ళి దాకా, తాళ్ళు పేనినట్టు, ఒక్కో ఇంటిని ఇంకో ఇంటికి కలిపాడు. కజిన్ అనే ఒక్క మాటతో మీరు సరిపెడుతున్నారు, మా దగ్గర ఎవరి కూతురో తెలియకుండా పలకరించడమే కుదరదు, అన్నాడు. తరవాత కేపియో పేరు మీద వేలు పెట్టాడు.

మొదట నేను ఈయన్ని చంపేశాను, అన్నాడు. ఇల్లు మర్యాదగా కనిపించాలని. ఈయన బతికే ఉన్నాడు. లివియా ఇంకో ఇంటికి వెళ్ళింది. అందువల్ల ఆమె కొడుకుకు ఏమీ తగ్గలేదు. అతను లేచి మాట్లాడితే సెనేట్ విన్నది.

జనం నవ్వారు. మిసెస్ హార్పర్ నవ్వలేదు. అట్ట దగ్గరికి వచ్చి, అద్దాలు సవరించుకుని, చాలాసేపు చదివింది. ముప్ఫై ఏళ్ళు చెప్పాను, ఈ కుటుంబం నాకు ఇప్పుడు అర్థమైంది, అంది. ఆ అట్టను లైబ్రరీ గోడకు పెట్టుకోవచ్చా అని అడిగింది. నాగజ్యోతి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

ఆదివారం విజయభాస్కర్, పుష్పలీల వచ్చారు. కనకదుర్గ టీ తెస్తుంటే చలపతి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు ఒక మాటండీ. మా చెల్లెలి మొదటి భర్త పోలేదు. ఉన్నాడు. విడాకులైనాయి. కాగితంలో అబద్ధం రాసింది నేను. దాంతో ఆ పిల్లకు సంబంధం లేదు."

పుష్పలీల గుంటూరు మనిషి. కప్పుల వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది.

"పోయాడంటే ఒక లెక్కండీ. బతికుండగా వదిలేశాడంటే ఇంకో లెక్క గదా."

"ఆయన వదల్లేదండీ" అంది నాగజ్యోతి, గుమ్మం దగ్గర నిలబడి. "నేనే వదిలేశాను. ఎందుకో అడగండి, చెప్తాను."

ఎవరూ అడగలేదు. విజయభాస్కర్ తలెత్తి ఆమెను చూశాడు. పుష్పలీల ట్రాఫిక్ గురించి ఏదో అని లేచింది. టీ ఎవరూ తాగలేదు.

"పాయె సంబంధం" అంది కనకదుర్గ తలుపు వేసి.

"పోనీ" అన్నాడు చలపతి. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మంగళవారం సాయంత్రం ఫోన్ మోగింది. చలపతి తీశాడు.

"విజయభాస్కర్‌నండీ. నాగజ్యోతిగారితో మాట్లాడచ్చా? ఆవిడ అడగమన్నది ఆరోజు నేను అడగలేకపోయాను. అక్క ఉందని."

చలపతి ఫోన్ చెల్లెలికిచ్చాడు. సంబంధం మాటలంటే ఆయన పక్కనే కూర్చుంటాడు, ఒక చెవి అటు వేసి. ఈసారి కోటు తొడుక్కుని పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. అద్దంలోంచి నాగజ్యోతి కనిపిస్తోంది. నిటారుగా నిలబడి మాట్లాడుతోంది, తొందర లేకుండా.

కనకదుర్గ ఆరేసిన బట్టలు తీస్తూ అడిగింది. "ఏమంటాడంట?"

"నాకు తెలీదు" అన్నాడు చలపతి, గర్వంగా.