చీకటి బొమ్మలో వెలిగే కిటికీ

ఈ రోజు మా దుకాణంలో ఫ్రేము కట్టిన పెద్ద బొమ్మ ఒకటి జహ్రాలో ఒక కువైటీ ఇంటికి తీసుకెళ్లి తగిలించాను. బొమ్మ నిండా రాత్రే. నల్లటి చెట్లు, వాటి నీడలో ఒక ఇల్లు, వెలుగుతున్న కిటికీ ఒక్కటి. మనిషి జాడ లేదు.

ఇంటావిడ, పనివాళ్లంతా అరబీలో అమ్మా అన్నట్టు మామా అని పిలిచే ఆమె, చూసి ముఖం ముడుచుకుంది. "ఒంటరితనం. దిగులుగా ఉంది, తీసెయ్" అంది. నా మూడు రోజుల పని ఖలాస్ అనుకున్నాను.

అంతలో ఆ ఇంటి డ్రైవరు, మా రాయచోటి మస్తానన్న, ఆమెతో అరబీలో ఏదో చెప్పాడు. ఆమె పకపకా నవ్వి, వంటింటి గుమ్మం పక్కన తగిలించమంది.

"ఏం చెప్పినావన్నా?"

"ఏముంది అబ్బీ! డ్రైవరింకా ఇల్లు చేరలేదు, వానికి కూడు మూసిపెట్టి వంటామె లైటేసుకోని కూచోనుంది అని చెప్పినా."

మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. ఆలస్యంగా వస్తే ఒక్కడూ లైటు ఉంచడు. ఒంటరితనం బొమ్మ గీయాలంటే మా గదే గీయాలి!

ఇది చదివే గల్ఫ్ అన్నలారా, మీకోసం లైటు ఉంచేదెవరు? నాకు ఉత్తరం రాసినా, క్యాసెట్లో మాట రికార్డు చేసి పంపినా సరే.