దుప్పటి ముందు, ట్యాంకు వెనక

మా తమ్ముడు గ్లాసులో మంచినీళ్లు పోసేటప్పుడు ముందు చూపుడువేలు గ్లాసు అంచుకు తగిలిస్తాడు. ఆ వేలి గుర్తు మీదికి చెంబు వంచుతాడు. కొత్తవాళ్లు చూసి శుభ్రం తెలియని మనిషి అనుకుంటారు. వేలు తీస్తే నీళ్లు బల్ల పాలవుతాయని వాళ్లకేం తెలుసు? వాడికి ఎడమకన్ను ఉందన్న మాటేగాని చూపు లేదు. ఒంటికన్నుతో రంగు తెలుస్తుంది, ఆకారం తెలుస్తుంది. చేతికందే వస్తువు ఎంత దూరంలో ఉందో మాత్రం ఊహించుకోవాల్సిందే.

పుట్టుకతో వచ్చింది కాదది. చిన్నప్పుడు ఆ కన్ను కాస్త మెల్ల, అంతే. అమ్మ పనికి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేను. డాక్టరుకు చూపించమని పక్కింటావిడ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "మావాడికేం, రాజాలా ఉన్నాడు. పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని ఆవిడ నోరు మూయించాను. నా నోటికి అప్పటికే పేరుంది. వాడికి తొమ్మిదో ఏట బడిలో ఒక కన్ను మూసి అక్షరాలు చదవమన్నారు. కుడికన్ను మూస్తే వాడికి బోర్డే కనబడలేదు. "నాలుగేళ్లప్పుడు తెచ్చుంటే దారికి తెచ్చేవాళ్లం" అన్నాడు డాక్టరు. అమ్మ నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

ఒంటికన్నువాడు ఏం పని చేసి బతుకుతాడని ఇంటిల్లిపాదీ తల పట్టుకుంటే, వాడు పోయి ఫోటో స్టూడియోలో చేరాడు. "కెమెరాకీ ఒక్కటే కన్ను కదా అక్కా, మాకూ మాకూ కుదురుతుంది" అన్నాడు. కుదిరింది. కొన్నాళ్లకు నా కుట్టు దుకాణం పక్క గదిలోనే సొంత స్టూడియో పెట్టాడు. మధ్యలో ఒక చెక్క గోడ. వాడి దగ్గు నాకూ, నా మిషను చప్పుడు వాడికీ ముప్పై ఏళ్లుగా వినబడుతూనే ఉన్నాయి.

చేతి ఫోన్లు వచ్చాక స్టూడియో మెట్లెక్కేది దరఖాస్తులకు ఫోటోలు కావలసినవాళ్లే. ఖాళీగా కూర్చోవడం వాడికి చేతకాదు. పెళ్లికూతుళ్ల మొటిమలు చెరిపే కంప్యూటరు ముందే కూర్చుని, పుస్తకాలు చూసి, సొంతంగా ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. నేను మూడో తరగతి దాటలేదు. అయినా అదేం చేస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే ముందు నాకే చెప్పాడు.

"అక్కా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావనుకో. దగ్గరున్న స్తంభాలు ఏం చేస్తాయి?"

"పరిగెడతాయి."

"దూరంగా ఉన్న కొండ?"

"కదలదు. ఎంత పిలిచినా, మీ ఆవిడలాగ."

"అంతే! ఒక ఫోటో తీస్తా. కెమెరా రెండున్నర అంగుళాలు పక్కకి జరిపి ఇంకోటి తీస్తా. మొదటిదాంట్లో ఉన్న చుక్క రెండోదాంట్లో ఎంత జరిగిందో నా ప్రోగ్రాము వెతుకుతుంది. బాగా జరిగితే దగ్గర, కొంచెమే జరిగితే దూరం. అలా చుక్క చుక్కకీ లోతు కడుతుంది."

"రెండున్నరే ఎందుకురా?"

"మనిషి రెండు కళ్ల మధ్య అంతే ఉంటుంది."

టేపు తీసి నా ముక్కు మీదుగా పెట్టి చూసుకున్నాను. అబద్ధం కాదు.

నా పాత చెక్క స్కేలు పట్టుకుపోయి స్టూడియో కిటికీ గట్టుకు మేకులు కొట్టి బిగించాడు. దాని మీద కెమెరా జరుపుతూ సందులోని దండేనికి ఫోటోలు తీసేవాడు. అన్నిటికంటే ముందు దుప్పటి, దాని వెనక చొక్కాలు, ఆ వెనక గోడ, గోడ పక్కన నీళ్ల ట్యాంకు. లోతు చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదట. మరదలికి ఒళ్లు మండేది. "మీ తమ్ముడు రోజూ మన దండేనికి ఫోటోలు తీస్తున్నారు వదినా. ఎక్కడికైనా సంబంధం పంపుతారేమో కనుక్కోండి" అనేది.

ప్రోగ్రాము రెండు బొమ్మలు ఇచ్చేది. ఒకటి బూడిదరంగుది. దగ్గరివి తెల్లగా, దూరానివి నల్లగా ఉంటాయి. అది వాడు చూసి సరిచూసుకోగలడు. రెండోది ఎరుపూ నీలమూ కలిసిన బొమ్మ. ఎర్ర కాగితం ఒక కంటికీ, నీలి కాగితం ఇంకో కంటికీ ఉన్న అట్ట అద్దాలు పెట్టుకుని చూస్తే వస్తువులు లేచి నిలబడాలి. దానికి రెండు కళ్లూ కావాలి. మరదలు ఆ అద్దాలు పెడితే తల తిరుగుతుందంది. ఇక మిగిలింది నేను.

ఒక మధ్యాహ్నం వాడు పట్టుకుపోయిన దారం ఉండ కోసం వెళితే, ఆ అద్దాలు వాడే పెట్టుకుని ఉన్నాడు. తలను పావురంలా అటూ ఇటూ ఊపుతూ తెర వైపు చూస్తున్నాడు. నన్ను చూసి చటుక్కున తీశాడు.

"తుడుస్తున్నా."

"కాగితపు అద్దాలు ముక్కు మీద పెట్టుకుని తుడుస్తారట్రా?"

నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఒక్కసారి అక్కా. మీరందరూ ఊరికే చూసేస్తుంటారే, అదెలా ఉంటుందో ఒక్కసారి. లెక్కంతా నాకు తెలుసు. లెక్క తెలిసినవాడికి ఆ మాత్రం కనబడకూడదా?"

మిషను దగ్గరికొచ్చి అదే కుట్టు మూడుసార్లు కుట్టాను.

మర్నాడు నన్ను కూర్చోబెట్టి అద్దాలు పెట్టాడు. "ఏది ముందుంది, చెప్పు."

నాకు కనబడింది చెబితే నవ్వుతారు. గోడా ట్యాంకూ మొహం మీదికొచ్చాయి. వాటిలో చొక్కాల ఆకారంలో కంతలు కోసినట్టుంది. ఇంకా లోపల, అడుగున ఎక్కడో దుప్పటి. ముక్కలు కత్తిరించుకున్నాక మిగిలిన గుడ్డను చూస్తున్నట్టే ఉంది. చదువుకున్నవాళ్లకు ఇది సరిగ్గానే కనబడుతుంది కాబోలు, నా కంటికే పట్టుబడటం లేదనుకున్నాను. మనిషిని నిలువునా చూసి, టేపు పెట్టకుండా కొలత చెప్పేదాన్ని. నాకు కనబడలేదని వాడితో ఎలా అంటాను? కిటికీలోంచి అసలు దండెం చూసి చెప్పేశాను.

"దుప్పటి ముందు. చొక్కాలు దాని వెనక. ట్యాంకు అన్నిటికంటే వెనక."

వాడి ముఖం వెలిగిపోయింది. "లేచి నిలబడ్డాయా?"

"నిలబడ్డాయిరా. పట్టుకోవచ్చు."

ఇలాంటి పిచ్చే ఉన్నవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో కంప్యూటరులో ఒకచోట కలుస్తారు. వాడు ప్రోగ్రామునూ ఆ బొమ్మనూ అక్కడ పెట్టాడు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని. రెండు రోజులు గోడ అవతల ఈలపాట వినబడింది. మూడో రోజు ఆగిపోయింది.

వెళ్లి చూస్తే తెర ముందు బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఎవరో రాసింది చదివి వినిపించాడు. "అయ్యా, మీ లోకం లోపలిది బయటికి తిరగబడి ఉంది. పెట్టేముందు మీరొక్కసారైనా అద్దాలతో చూసుకోలేదా?"

కుర్చీ నా వైపు తిప్పాడు.

"అక్కా, ఆ రోజు నీకేం కనబడింది? నిజం చెప్పు."

"గోడ ముందుకొచ్చింది. దుప్పటి అడుక్కి పోయింది."

"మరి?"

"కిటికీలోంచి చూసి చెప్పా."

నవ్వుతాడనుకున్నాను, లేదా కసురుతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "నువ్వు చూసిందే నేను చూసినట్టు అనుకున్నా కదక్కా. అదీ నువ్వు చూడలేదా?" అన్నాడు.

వాడి చిన్నప్పుడు పక్కింటావిడ నోరు మూయించాను. ఇప్పుడు నా నోరే మూసుకున్నాను. రెండుసార్లూ నష్టం వాడి కంటికే. "తప్పు నాదేరా, అప్పుడూ ఇప్పుడూ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం వాడెప్పుడూ వినలేదు. కంగారుపడి, "ఎరుపు ఉండాల్సిన చోట నీలం పెట్టా అక్కా, ప్రోగ్రాములో ఒక్క వరస మార్చితే సరి" అంటూ కీబోర్డు మీదికి వంగాడు.

మార్చాడు. అద్దాలు పెట్టాడు.

దుప్పటి తెర దాటి బయటికొచ్చింది. తడి కొస, దాని మడత, ఆ మడత వెనక ఖాళీ, ఆ ఖాళీకి అవతల చొక్కాలు. నాకు తెలియకుండానే చెయ్యి చాచాను, మడత సరిచేయడానికి. గాల్లో ఆగిపోయింది చెయ్యి. పక్కకు చూస్తే మావాడు తెర వైపు చూడటం లేదు. నా చేతినే చూస్తున్నాడు.

"వచ్చిందన్నమాట" అన్నాడు.

ఆ సాయంత్రం బూడిదరంగు బొమ్మను పెద్దగా అచ్చు వేయించుకుని నా బల్ల మీద పరిచాను. కాలర్లలో పెట్టే గట్టి బక్రం గుడ్డ తీశాను. నలుపు ఉన్న చోట ఒక పొర, బూడిద ఉన్న చోట మూడు, తెలుపు ఉన్న చోట తొమ్మిది. ట్యాంకూ, చొక్కాలూ, దుప్పటీ కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించాను. రెండు రోజులు పట్టింది. తీసుకెళ్లి వాడి ఒళ్లో పెట్టాను.

"కళ్లు మూసుకుని తడుము. నాకు కనబడింది ఇదే."

గ్లాసు అంచుకు తగిలించే ఆ వేలితోనే తడిమాడు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, చొక్కాల మీదికెక్కి, దుప్పటి అంచున ఆగాడు. మళ్లీ కిందికి దిగాడు. మళ్లీ ఎక్కాడు.

"ముట్టుకోకుండానే ఇదంతా తెలుస్తుందా అక్కా? దూరం నుంచే?"

"తెలుస్తుందిరా."

"అస్తమానం?"

"కళ్లు తెరిచి ఉన్నంతసేపూ."

ఆ బక్రం బొమ్మ ఇప్పుడు వాడి కంప్యూటరు పక్కనే ఉంటుంది, అంచులు వేలి మరకలతో నల్లబడి. ప్రోగ్రాము రాస్తూ ఆగినప్పుడల్లా చెయ్యి దాని మీదికి పోతుంది. నేను పొద్దున దుకాణం తలుపు తీసేసరికి చెక్క గోడ అవతలి నుంచి గొంతు వస్తుంది.

"అక్కా, ఇవాళ దుప్పటికీ చొక్కాలకీ మధ్య ఎంతుంది?"

టేపు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళతాను. రెండు కళ్లతో, తీరిగ్గా చూస్తాను.

"మూరెడు" అంటాను. "గాలికి దగ్గరవుతోంది. ఉండు, ఇప్పుడు జానెడే."