ఎడమ చెవికి పైన

“...కట్ షాటు కాదురా బామ్మర్దీ, కట్టు కాదు! ఎన్నిసార్లు సెప్పాలి? సేతికి సెమటుంది, ముందది తుడుసుకో!”

“తుడుసుకున్నాను బావా.”

“ఏటి తుడుసుకున్నావు, లుంగీకేనా? మొన్న ఇలాగే రెడ్డు పోగొట్టినావు. ఆ మూలది ఒగ్గెయ్. నడిమిది సూడు. మెల్లిగా. మెల్లిగా అంటన్నానా...”

స్ట్రైకరు టక్కుమంది. మూలనున్న తెల్లకాయ జారి పాకెట్‌లో పడింది.

“సూసినారా?” అన్నాడు అర్జునరావు చుట్టూ నిలబడ్డవాళ్ళతో. తను చెప్పింది నడిమి కాయ, పడింది మూల కాయ. అతనికది పెద్ద తేడాగా తోచలేదు. కాయ పడింది. చెప్పినవాడు తను.

మల్కాపురం కార్మికుల క్లబ్బులో ఈ క్యారమ్స్ జంటను ఆరేళ్ళుగా ఎవరూ ఓడించలేదు. గోడకున్న చెక్కబోర్డు మీద ఆరు వరుసల్లో ఇద్దరి పేర్లూ తెల్లరంగుతో రాసి ఉంటాయి, అర్జునరావు పేరు ముందు. పెద్ద పోటీల్లో ఆటగాళ్ళు నోరు విప్పకూడదట. పేటల మధ్య ఏటా జరిగే ఈ కప్పు పోటీలో ఆ రూలు ఎవరూ పట్టించుకోలేదు. అర్జునరావు సొంత ఆట అంతంతమాత్రం. దానికి అతని దగ్గర కారణం ఉంది. సగం బుర్ర తన జోడీ తవిటయ్య ఆట మీదే ఉంటుంది.

అర్జునరావు పోర్టులో సిగ్నల్‌మన్. ఓడ అడుగున ఏముందో క్రేను మీదున్నవాడికి కనిపించదు. పైన అంచున ఒకడు నిలబడి, లోపలికి తొంగి చూస్తూ, చేతి సైగలతో చెబితేనే క్రేను దిగుతుంది, లేస్తుంది. ఇరవయ్యారేళ్ళుగా అంచున నిలబడింది అతను. క్రేనులో కూర్చుంది తవిటయ్య, అతని భార్య గౌరీశ్వరికి తమ్ముడు. అంత ఎత్తుకి మాట వినపడదు. అయినా నోరు కదలకుండా అర్జునరావు చెయ్యి ఎన్నడూ కదల్లేదు. “దించు, ఇంకాస్త, ఆగు, ఆగమంటన్నానా!” ఇన్నేళ్ళలో వాళ్ళ చేతి మీదుగా ఒక్క ప్రమాదం జరగలేదు. అందులో సగం ఘనత చేతిదైతే సగం నోటిదని అతని నమ్మకం. ఇంట్లో గౌరీశ్వరి పెనం మీద అట్టు తిప్పినా, వీధిలో ఆటో వెనక్కి వచ్చినా, అతను చెప్పాల్సిందే.

క్రేను మోతకి తవిటయ్య కుడి చెవి మందగించింది. అందుకని బోర్డు దగ్గర ఎదురుగా కూర్చున్నప్పుడు అర్జునరావు కొంచెం కుడివైపుకి ఒరుగుతాడు. మాట అవతలివాడి ఎడమ చెవిలో పడాలని.

డిసెంబరులో అతని రిటైర్మెంటు. సర్వీసులో లేనివాళ్ళు క్లబ్బు తరఫున ఆడటానికి లేదు. నెలాఖరు ఆదివారం ఫైనల్ గెలిస్తే ఏడో వరుస. అదే ఆఖరిది.

ఇంతలో యూనివర్సిటీ నుంచి రోజారమణి అనే అమ్మాయి వచ్చింది. గురి చూసి ఆడే ఆటల్లో మెదడు ఎలా పనిచేస్తుందో పరిశోధన చేస్తోందట. తుపాకీ పోటీలవాళ్ళని చూసింది, విలుకాళ్ళని చూసింది, ఇప్పుడు క్యారమ్స్. వైర్లున్న టోపీ ఒకటి తవిటయ్యకి పెట్టబోయి ఆగిపోయింది. తలనిండా కొబ్బరినూనె. నూనె ఉంటే పనిచెయ్యదంది. క్లబ్బు కుళాయి కింద రెండుసార్లు షాంపూ పెట్టి రుద్దారు. ఎలా రుద్దాలో అర్జునరావు చెప్పాడు.

వారం తర్వాత ఆమె ల్యాప్‌టాప్ తెచ్చి అందరికీ చూపించింది.

“కొట్టే ముందు నాలుగు సెకన్లు చూడండి. ఇక్కడ, ఎడమ చెవికి పైన. మాటలతో పనిచేసే భాగం ఇది. ఇక్కడ హడావిడి తగ్గిపోతోంది. మంచి గురి ఉన్నవాళ్ళలో ఇలాగే ఉంటుంది. తవిటయ్య గారిలో మరీ ఎక్కువ.”

“అప్పుడు నాను మాటాడతానే ఉన్నాను కదమ్మా?” అన్నాడు అర్జునరావు.

“అవునండీ, మొత్తం రికార్డయింది.”

“మరి?”

ఆమె కొంచెం ఇబ్బంది పడింది. “శబ్దం చేరుతోందండీ. మాటని ఆయన పట్టించుకోవడం లేదు. నలభైసార్లు కొడితే మీరు చెప్పిన కాయ కొట్టింది తొమ్మిదిసార్లు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ సాయంత్రానికి గౌరీశ్వరి దాకా వెళ్ళింది కబురు. “మా తమ్ముడి బుర్రలోకి మాట దిగదని నాను పెళ్ళినాడే సెప్పినాను. దానికి మిషనెందుకు?” అందామె.

క్లబ్బు సెక్రటరీ శ్రీరామ్మూర్తి పోర్టు టైమాఫీసులో చేసి రిటైరైనవాడు. కాగితం కనపడితే అమలు చెయ్యకుండా ఉండలేడు. మర్నాటికల్లా గోడకి “నిశ్శబ్దం పాటించవలెను” అని బోర్డు వేలాడింది. ఫ్యాను కిర్రుమంటోందని ఆపించాడు. టీ కొట్టు మోహన్‌ని గ్లాసులు చప్పుడు చెయ్యొద్దన్నాడు. ఆఖరున అర్జునరావుని పక్కకి పిలిచాడు.

“నీ మీద ఏమీ లేదయ్యా. సైన్సు చెబుతోంది. తవిటయ్యకి కావలసింది ప్రశాంతత. ఫైనల్‌కి నీ బదులు నరేష్‌ని కూర్చోబెడుతున్నాం. కుర్రాడు నోట్లోంచి మాట రానివ్వడు.”

అర్జునరావు తలూపి ఇంటికి వచ్చేశాడు. అట్లు గౌరీశ్వరి ఇష్టమొచ్చినట్టు తిప్పుకుంది. ఒకటి మాడింది. అతను మాట్లాడకుండా తిన్నాడు.

మర్నాడు డ్యూటీలో అంచున నిలబడి మొదటిసారి నోరు మూసుకుని చెయ్యి ఊపాడు. దించు. ఇంకాస్త. క్రేను సగంలో ఆగిపోయింది. మళ్ళీ ఊపాడు. కదల్లేదు. కాసేపటికి తవిటయ్య నిచ్చెన దిగి ఆయాసపడుతూ వచ్చాడు.

“ఏటయ్యింది బావా? ఒంట్లో బాగోలేదేటి?”

“సెయ్యి ఊపుతన్నాను కదరా!”

“సెయ్యి ఊపుతన్నావు, నోరు కదల్లేదు. కింద ఏదో అయ్యిందనుకున్నాను.”

అర్జునరావు లోపలికి తొంగి చూశాడు. కింద అంతా సవ్యంగానే ఉంది.

గురువారం క్లబ్బులో ప్రాక్టీసు మ్యాచి. అర్జునరావు వెళ్ళలేదు. కబురు మాత్రం వచ్చింది. ఫ్యాను లేక చెమటలు, చీమ చిటుక్కుమంటే శ్రీరామ్మూర్తి కళ్ళెర్రజెయ్యడం, నరేష్ ఊపిరి కూడా మెల్లిగా తీసుకోవడం. తవిటయ్య చేతికందే కాయలు నాలుగు వదిలేశాడు. రెండుసార్లు స్ట్రైకరే పాకెట్‌లో పడింది. జాలరిపేట నుంచి వచ్చిన కొత్త జట్టు చేతిలో వరసగా రెండు ఆటలు పోయాయి.

శుక్రవారం రోజారమణి మళ్ళీ టోపీ తెచ్చింది. శనివారం సాయంత్రం ఆమె, శ్రీరామ్మూర్తి, తవిటయ్య ముగ్గురూ అర్జునరావు ఇంటికి వచ్చారు. అర్జునరావు కుర్చీలు వేయించాడు. ఎవరెక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పలేదు.

“అంకుల్, ఎడమ చెవికి పైన ఇప్పుడు బాగా హడావిడిగా ఉంది,” అంది రోజారమణి. “కొట్టే ముందు ఆయన లోపల్లోపల మాట్లాడుకుంటున్నారు. ఏమనుకుంటున్నారని అడిగాను.”

తవిటయ్య నేల చూస్తున్నాడు.

“సెప్పరా,” అంది గౌరీశ్వరి.

“ఏటున్నాది అక్కా. సెమట తుడుసుకో, కట్టు కాదు, మెల్లిగా, మొన్న ఇలాగే పోగొట్టినావు... అవే.” అతను అర్జునరావు వైపు తిరిగాడు. “బావా, నువ్వుంటే అయన్నీ నువ్వనేస్తావు. నాను అనుకోనక్కర్లేదు. నువ్వు లేపోతే నానే అనుకోవాలి. అనుకుంటా కొడితే సెయ్యి సాగదు.”

ఇన్నేళ్ళూ వాడు తన మాట విని కాయ కొట్టాడనుకున్నాడు అర్జునరావు. విననక్కర్లేకుండా కొట్టాడన్నమాట. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

“అయితే రేపు నానే కూకుంటాను,” అన్నాడు చివరికి.

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకున్నాడు. “అదీ... నరేష్ పేరు లిస్టులో ఇచ్చేశాం. గడువు నిన్నటితో అయిపోయింది. ఇక మార్చడానికి లేదు. ఆడేది నరేషే. నువ్వు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మాట్లాడితే చాలు. చూసేవాళ్ళ నోటికి రూలేమీ లేదు కదా. నిశ్శబ్దం బోర్డు తీసేయించాను.”

“గెలిస్తే ఆ గోడ బోర్డు మీద పేరు?”

“ఆడినవాళ్ళదే రాస్తాం. అది పద్ధతి.”

“సిగ్గనేది ఉందేటి సెక్రటరీ గారూ?” గౌరీశ్వరి లేచి నిలబడింది. “మొన్న నోరున్నాదని లెగ్గొట్టినారు, ఇయ్యాల నోరు కావాలని ఇంటికొచ్చినారు. మడిసి అక్కర్లేదు, నోరొక్కటీ చాలేటి? రేడియో ఎట్టుకోండి!”

“రేడియోతో కూడా ప్రయత్నించాం ఆంటీ,” అంది రోజారమణి చిన్నగా. “పనిచెయ్యలేదు.”

తవిటయ్య బనీను అంచుతో చేతులు తుడుచుకుంటున్నాడు. చెమట లేదు. అయినా తుడుస్తూనే ఉన్నాడు. అర్జునరావు ఆ చేతులనే చూశాడు. క్రేను సగంలో ఆగిపోయిన పూట ఆ నిచ్చెన దిగి వచ్చిన మనిషి ఆయాసం గుర్తొచ్చింది.

“ఎన్నింటికి?” అన్నాడు.

“పదింటికి,” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“వస్తాను. కుర్సీ ఆడికి ఎడం పక్కనెయ్యండి.”