స్లాబుకు తెలుపే

గోదావరిఖనిలో మా ఇల్లు అమ్మేముందు రంగులు వేయిస్తున్నాను. పెయింటర్ డబ్బా మూత తీశాడు.

"దర్వాజలకు కాఫీరంగు, స్లాబుకు బూడిదరంగు ఏద్దామక్కా. సన్నపగుళ్లు కనవడయి. కొనేటోళ్లు జల్ది ఒప్పుకుంటరు."

నాకు ఏడేళ్లప్పుడు ఇదే వాసనలో నిలబడి, స్లాబుకు నీలంరంగు కావాలని నేను ఏడ్చాను.

"దర్వాజలకు నీ ఇష్టం బిడ్డా. మీద మాత్రం తెలుపే ఉండాలె," అన్నాడు నాన్న. అలా మా దర్వాజలు నీలమయ్యాయి.

బొగ్గుబాయి డ్యూటీ నుంచి రాగానే నాన్న ప్రతి గదిలో నిలబడి తలెత్తి పైకి చూసేవాడు. అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది, నాన్న కళ్లు తెరిచి చేస్తాడనుకున్నాను. నేనూ పక్కన నిలబడి పైకి చూసి, చివర్లో "ఆమెన్" అనేదాన్ని. ఆయనా నవ్వకుండా "ఆమెన్" అనేవాడు.

బాయిలో రోజూ పైకప్పును నమ్మకుండా పనిచేసే మనిషి, ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగులకు మా నెత్తిమీద కొత్త పగులేమైనా వచ్చిందా అని వెతికేవాడని చాలా ఏళ్లకు తెలిసింది.

"తెలుపే వెయ్యి తమ్మీ," అన్నాను.

"పగుళ్లు కనవడ్తయి గదక్కా!"

"కనవడాలె. రేపు ఈ ఇంట్ల ఇంకెవరి పిల్లలో పండుకుంటరు."