చక్రం కింద రాయి

పాకాలకు నాలుగు మైళ్ల అవతల, గుట్ట వాలున ఉన్న ఊళ్లో చెంగయ్యకు ముప్ఫై రెండేళ్ల నాటి జీపు ఒకటి ఉంది. దాన్ని బాగుచేసుకోవడంలో ఆయనకో పద్ధతి కూడా ఉంది. తనకు వచ్చిన పనిని రేపు చేద్దామని వదిలేస్తాడు. రాని పనిని మాత్రం ఎవరికీ వదలడు. ఈ పద్ధతి వల్ల జీపు సంగతి ఎలా ఉన్నా, ఆయన భార్య చంద్రకాంతమ్మ పదకొండేళ్లుగా నలిగిపోతోంది.

పదకొండేళ్ల కిందట హ్యాండుబ్రేకు తీగ తెగింది. అరగంటలో వేసిస్తానని పాకాలలో షెడ్డు పెట్టుకున్న మునిరామయ్య చెప్పాడు. చెంగయ్యకు అది అవమానంగా తోచింది.

"తీగ ముక్క వేసేదానికి షెడ్డుకు పోవల్లనా? నేను బతికుండంగా?" అన్నాడు.

ఆయన నిక్షేపంగా బతికే ఉన్నాడు. తీగ మాత్రం పడలేదు. ఈలోగా సీట్లకు ఎర్ర రెక్సిను వేశాడు. ఐదు రాగాలు పలికే హారను బిగించాడు. డైనమో విప్పి మూడు నెలలు మంచం కింద పెట్టుకుని, మళ్లీ బిగించాక రెండు నట్లు మిగిలితే, కంపెనీవాడు అనవసరంగా వేసినాడని తేల్చాడు. ఊళ్లోవాళ్లు ఎదురుగా మెచ్చుకుని, పక్కకు తిరిగి నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆయనకు కనపడదు, చంద్రకాంతమ్మకు కనపడుతుంది.

హ్యాండుబ్రేకు లేని జీపు వాలులో నిలవదు. ఇంజను ఎంత అరిగిందంటే, గేరులో పెట్టి దిగినా జారిపోతుంది. అందుకని చెంగయ్య బ్రేకు తొక్కిపెట్టి కూర్చుంటాడు. చంద్రకాంతమ్మ టెంకాయంత రాయి పట్టుకుని దిగి, వెనక చక్రం కింద పెడుతుంది. పెట్టానని కేక వేశాక ఆయన పాదం తీసి, జమీందారులాగా దిగుతాడు. తిరుపతిలో పెళ్లికి పట్టుచీర కట్టుకుని పోయినా, కల్యాణ మండపం ముందు వంగి రాయి పెట్టింది ఆమే. ఆ రోజు ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నీకు బాగా అలవాటయిందే అని ఆయన మెచ్చుకున్నాడు.

అరవై దాటాక ఆమె మోకాలు మొరాయించింది. దిగడం ఆలస్యమయ్యేది. ఆయన హారను కొట్టేవాడు. తీగ సంగతి ఎత్తితే, "వచ్చే వారం నేనే వేస్తా గదా మే" అనేవాడు. ఏదో ఒకరోజు ఆ చక్రం తన కాలి మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. ఆయనకూ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆయన హారను తుడుచుకుంటూ విన్నాడు.

ఈ ఏడు మామిడికాయలు దామలచెరువు మండీకి తీసుకుపోయిన రోజు ఆ చక్రం రానే వచ్చింది. మండీ ముందు ఎత్తు. ఆమె వంగి రాయి సర్దుతోంది. ఎవరో హారను బాగుందన్నారు. అంతే, చెంగయ్య ముఖం విప్పారింది, బ్రేకు మీది పాదం కూడా వదిలేశాడు. జీపు వెనక్కి జారి, రాయి అంచు ఎక్కి, ఆమె కాలివేళ్ల మీదికి వచ్చింది. కూలీలు కేకలు వేస్తే బ్రేకు తొక్కాడు. నలుగురూ కలిసి జీపును ముందుకు నెట్టి కాలు లాగారు.

చెంగయ్య తల బయటికి పెట్టి అన్న మొదటి మాట, "రాయి సరిగ్గా పెట్టల్ల గదా మే."

చంద్రకాంతమ్మ రాయి తీసుకుని కుంటుతూ పోయి షేర్ ఆటో ఎక్కింది. దారి పొడుగునా రాయి ఒళ్లోనే ఉంది. ఆయన మీద అంత అసహ్యం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

కూలీలు ఇటుకలు అడ్డం పెట్టి కాయలు దింపించారు. సాయంత్రానికి జీపు ఇంటి ముందుకొచ్చింది. ఊరంతా వాలే కదా, చెంగయ్య బ్రేకు తొక్కిపెట్టి హారను కొట్టాడు. ఐదు రాగాలూ అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. లోపల ఆమె వాచిన కాలు పీట మీద పెట్టుకుని చింతకాయ తొక్కు జాడీకి గుడ్డ కడుతోంది. పక్కింటి దేవకమ్మ వచ్చింది.

"అక్కా, బావ పిలస్తా ఉండాడు. రాయి నేను పెట్టేదా?"

"పెట్టొద్దు. నీ కాలు నీకు కావల్ల" అంది చంద్రకాంతమ్మ. "పదకొండేండ్లు నేను దిగినా. ఒక్కపూట ఆయన్ని కూసోనీ."

రాయిని జాడీ మూత మీద పెట్టింది. అరగంటకు హారను ఆగింది. దిగడానికి దారిలేని మనిషి జీపును పాకాల వైపు తిప్పాడు.

దీపాలు పెట్టే వేళకు మళ్లీ వచ్చాడు. జీపు వాలులో నిలిచింది. కర్రుమని హ్యాండుబ్రేకు లాగిన చప్పుడు. తానే దిగి, ఛాతీ విరుచుకుని లోపలికొచ్చాడు.

"మునిరామయ్యకు ఏం తెలుసు. నేను పక్కన నిలబడి చెప్పి చేపించినా. నేనే వేసినట్టు లెక్క."

జీపు కింద నూనె చుక్క కనపడితే బోర్లా పడుకుని వెతికే మనిషి, వచ్చినప్పటి నుంచి చంద్రకాంతమ్మ కాలి వైపు చూడలేదు.

"బాగుండాది. ఈ కాలు ఎవురికి సూపించల్లో అది కూడా సెప్పు" అంది.

చెంగయ్య అప్పుడు చూశాడు. నల్లబడి వాచిన వేళ్లను చూసి ముఖం మాడ్చుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఇదేం పెద్ద పని. నేనే కట్టు కడతా ఉండు."

ఆమె గోడ పట్టుకుని లేచింది. గడప దాకా కుంటుతూ పోయి, దేవకమ్మను కేకేసి, ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి తెల్లవారి పోయే బస్సు ఎన్ని గంటలకని అడిగింది.