నీచే అంటే ఏటి?

మొన్నటి నుంచి నన్ను చూసి రైల్వే కాలనీ అంతా ఎందుకు నవ్వుతోందో, ఎవడి నోటో వినేకన్నా నా నోటే వినండిరా. టీ చల్లారితే చల్లారనీండి.

రైలు గార్డుల కోట్లు కుట్టుకుని బతికే నాకు బంగళా దొరసాని గౌను ఆర్డరు! ఇన్‌స్టిట్యూట్‌ క్లబ్బులో వేషాల డాన్సట, వాళ్ల నాయనమ్మల కాలం నాటి గౌను కావాలట. ఇది కుదిరితే కాలనీ దొరసానులందరి కుట్టుపనీ నాదే. నేనూరుకుంటానా? గోల్ బజార్ దర్జీల దగ్గరికి పోయి మరీ కోతలు కోసేశాను. "గౌనంటే పైజామా అనుకున్నారేటి? చూసి నేర్చుకోండి!"

దొరసాని హిందీయా? మూడే ముక్కలు. "ఊపర్ సిల్క్. నీచే కాటన్. నీచే చార్ ఝాలర్." అచ్ఛా, నీచే అంటే కింద. ఆమాత్రం రాదా నాకు! నడుం దాకా సిల్కు, నడుం కింద తెల్ల లాంగ్‌క్లాత్, దానికి నాలుగు వరసల కుచ్చులు. వేళ్లు వాచిపోయాయి. పైన రాణీ, కింద దుప్పటీ, ఇదేం సోకురా బాబూ అని తిట్టుకుంటూనే కుట్టాను.

మా ఆవిడ సిల్కు కేసి చూసింది.

"ఏటి మావా, ఇంత గుడ్డ మిగిలిపోనాది?"

"కటింగంటే అదే! నీకేటి తెలుస్తాది, పోయి కూరొండు!"

మిగిలిన సిల్కు కూడా మడతపెట్టి పట్టుకెళ్లాను, నా నిజాయితీకి మురిసిపోతుందని. దొరసాని గౌను విప్పింది. మొహం ఎర్రబడింది. తెల్ల కుచ్చులు పట్టుకుని "యే అందర్ కా హై! అందర్ కా!" అని ఒకటే అరుపు. అప్పుడెక్కింది నా బుర్రకి. ఆవిడ నీచే అంటే కింద కాదురా, లోపల! పైన సిల్కు రవికె, కిందంతా లోపలి లంగా. అలా డాన్సుకి పంపబోయాను! టీకి వచ్చిన ఇద్దరు దొరసానులు నవ్వాపుకోలేక రుమాళ్లు నోట్లో కుక్కుకున్నారు.

నాలుగు వరసల కుచ్చులు లోపల దాచుకోడానికా? ఎవడు చూస్తాడని? సరే, వాళ్లననేం లాభం, గాడిదని నేనుండగా.

డాన్సుకి ఒక్క రోజే ఉంది. గౌను చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ గౌను లాక్కుంది. నడుం కుట్టు విప్పింది, మిగిలిన సిల్కంతా కుచ్చిళ్లు పోసి తెల్లదాని పైన వేసింది, రెండూ కలిపి కుట్టేసింది. నిన్న మధ్యాహ్నానికి గౌను తయారు! నాకు మొహం చెల్లక ఆవిడ చేతే పంపించాను.

ఇవాళ పొద్దున్నే బంగళా నౌకరు ఇంకో ఇద్దరు దొరసానుల గుడ్డలు తెచ్చి, "దర్జిన్ బాయీ హై క్యా?" అని నన్ను కాదు, మా ఆవిడని కేకేశాడు. మా ఆవిడ ఎదురెళ్లి అందుకుంది. వాడు పళ్లికిలించి, "ఔర్ ఓ నీచేవాలా మాస్టర్?" అన్నాడు.

"అందర్ హై," అంది మా ఆవిడ. "కూరొండుతున్నాడు."